స్వాధీనం అని ఎవరన్నారు?

(తెనాలిలో ఒక వకీలు ఆఫీసు. జూలై నెలాఖరు. పొలం పోయిందని వచ్చిన పెద్దావిడ ఇప్పుడే వెళ్ళింది. ఆమె చెప్పింది జూనియర్ రాసుకుంది. ఆ నోట్సు సీనియర్ చేతిలో ఉంది.)

సీనియర్: ఏంటమ్మా ఇది? "గట్టు మీద నిలబడి నన్ను దిగనివ్వలేదు" అని రాశావు. స్వాధీనం ఉందా, పోయిందా? అంటే పొలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? ఆ మాట ఎక్కడా లేదే!

జూనియర్: ఆవిడ ఆ మాట అనలేదు సార్.

సీనియర్: క్లయింట్లు అనరు. మనమే అడిగి తేల్చుకోవాలి. స్వాధీనం ఉంటే, అవతలివాళ్ళు అడ్డురాకుండా ఆపమని ఇంజంక్షన్ దావా. పోతే పొలం తిరిగి ఇప్పించమని దావా. హక్కు మీదే గట్టి వివాదం ఉంటే డిక్లరేషన్, అంటే హక్కు మనదేనన్న ప్రకటన కూడా కోరాలి. అనతుల సుధాకర్, బుచ్చిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసే అది. ఒక్క మాట తప్పు పడితే దావా అంతా తప్పుతుంది.

జూనియర్: తేల్చుకోవద్దని అనడం లేదు సార్. ఆ మాటను ముందే ఆవిడ నోట్లో పెట్టొద్దంటున్నాను. "స్వాధీనంలో ఉన్నారా?" అంటే, "ఉన్నామండి, మా మామగారి కాలం నుంచీ" అంటుంది. స్వాధీనం అంటే తమదని ఆవిడ లెక్క. అందుకే ఈ ఏడు వరి ఎవరు కోయించారు, మినుము ఎవరు తీశారు, నీటితీరువా ఎవరు కట్టారు అని అడిగాను.

సీనియర్: ఒక్కరి దగ్గరే గంటన్నర! బయట ఇంకా ఆరుగురున్నారు. గుమాస్తా నింపే ఫారం ఉంది కదా: సర్వే నంబరు, హద్దులు, వ్యాజ్య కారణం (దావా వేయాల్సి వచ్చిన సంగతి) పుట్టిన తేదీ. ఇదిగో, "సంక్రాంతి తర్వాత" అని రాశాడు. అంటే ఆరు నెలలు దాటిపోయాయి. పొలం లాక్కున్న ఆరు నెలల్లోపు, హక్కు రుజువు చేయకుండానే తిరిగి ఇప్పించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద వేసే దావా ఇక లేదు. హక్కు రుజువు చేసుకుంటూ పెద్ద దావాకే వెళ్ళాలి.

జూనియర్: సంక్రాంతికి జరిగింది మాటల గొడవ సార్. మినుము ఆవిడే తీయించింది. కల్లం నుంచి బస్తాలు ఇంటికి చేరిన వారానికి వాళ్ళు ట్రాక్టర్ దింపారు. అది మార్చి. సెప్టెంబరు దాకా సెక్షన్ 6 మన చేతిలోనే ఉంది. "వ్యాజ్య కారణం ఎప్పుడు పుట్టింది?" అన్న ప్రశ్నకు ఈ జవాబు రాదు. పంటల లెక్కన అడిగితేనే వస్తుంది.

(సీనియర్ ఫారం పక్కన పెట్టాడు. ఈ వాదంలో నా మొగ్గు జూనియర్ వైపే. అయినా సీనియర్ తర్వాత అన్న మాటకు జవాబు అంత తేలిక కాదు.)

సీనియర్: ఆరు నెలల గడువు నీకు ముందే తెలుసు కాబట్టి ఆ ప్రశ్న తట్టింది. మనసులో చట్టం మాట లేకుండా పంటల గురించి అడిగితే కబుర్లు మిగులుతాయి. జనం మాటలు నమ్మేవీ కావు. "రాసిచ్చాడు" అంటారు. అది అగ్రిమెంటా, రిజిస్టర్డ్ దస్తావేజా, ఉత్త స్టాంపు కాగితమా?

జూనియర్: ఒప్పుకుంటాను. ఆ కాగితం కళ్ళతో చూడకుండా ఏమీ రాయను. కానీ కొన్ని మాటలు వాళ్ళ దగ్గరే పక్కాగా ఉన్నాయి. "నోటు మీద చెల్లు వేయించాను" అంటాడు అప్పిచ్చిన రైతు. అంటే కొంత బాకీ కట్టినట్టు ప్రామిసరీ నోటు మీద రాయించాడని. ఆ చెల్లు గడువు లోపల బాకీదారు తన చేత్తో రాసిందో, సంతకం చేసిందో అయితే, దావా వేయడానికి అక్కడి నుంచి మళ్ళీ మూడేళ్ళు. లిమిటేషన్ చట్టం సెక్షన్ 19 చెప్పేది అదే కదా.

సీనియర్: సరే. దావాలో మాత్రం "దిగనివ్వలేదు" అని రాయలేం.

జూనియర్: దావాలో మీ మాటే రాద్దాం. కానీ దావా కింద సంతకం ఆవిడది సార్. చీఫ్, అంటే ఆవిడ తన తరఫున చెప్పే సాక్ష్యం, మనం అఫిడవిట్‌గా రాసిస్తాం. క్రాస్‌లో బోనులో నిలబడేది ఆవిడ ఒక్కతే. "శాంతియుత స్వాధీనం అని రాశారు, అంటే ఏంటమ్మా?" అని అవతలి వకీలు అడిగితే ఆ టెన్షన్‌లో ఏం చెబుతుంది? నోట్సులో ఆవిడ మాట ఉంటే, ప్రతి పేరా తన భాషలో చదివి వినిపించి సంతకం పెట్టించవచ్చు.

సీనియర్: ట్రాక్టర్ దింపిన తేదీకి ఆధారం?

జూనియర్: మినుము అమ్మిన కాటా చీటీ ఇంట్లో ఉందట.

సీనియర్: ఆవిడ ఇంకా బస్టాండ్‌లోనే ఉంటుంది. ఫోన్ చెయ్యి. చీటీ మీద తేదీ చూసి రేపే తెమ్మను.