కమిటీ ఉందని ఠాణాకు పోకుండా ఆగొద్దు

కాలేజీల్లో లైంగిక వేధింపుల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో "ముందు కాలేజీ కమిటీకి చెప్పండి" అని రాశారు, అంటే ఆ ఫిర్యాదులు విచారించే కాలేజీ అంతర్గత కమిటీకి. వేధింపులకైతే సరే. అత్యాచారమైతే ముందు ఆస్పత్రి, పోలీసులు. పాలమూరులో జరిగినదాన్ని నల్లగొండ ఠాణాలో చెప్పినా "మా పరిధి కాదు" పోలీసులు అనొద్దు, ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్ రాయాల్సిందే. ఎఫ్‌ఐఆర్ లేకున్నా డాక్టరు పరీక్ష చేయాలె. చికిత్స ప్రైవేటులోనూ ఉచితమే. వీలైతే స్నానం చేయకుండా ఆస్పత్రికి పోవాలె. బట్టలు కాగితం కవర్లో పెట్టాలె, ప్లాస్టిక్‌లో తేమకు బూజు పట్టి ఆధారం పాడైతది.

కమిటీకైతే ఫిర్యాదు గడువు 3 నెలలు, విచారణ 90 రోజుల్లో ముగియాలె. యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2015 నిబంధనల ప్రకారం హెచ్‌ఓడీలు (విభాగాధిపతులు) కమిటీ సభ్యులుగా ఉండొద్దు. ఉంటే అభ్యంతరం రాసియ్యండి. ఫిర్యాదు లెక్చరర్ మీదైతే, విచారణ అయ్యేదాకా ఆయన ఆ అమ్మాయికి మార్కులు వేయకుండా ఆపమని అడగొచ్చు. పిల్లలు నోరు మూసుకునేది లెక్చరర్లు వేసే ఇంటర్నల్ మార్కుల భయంతోనే కదా.