లాంజ్‌లో అమ్మకు కుర్చీ దొరకలేదు

అమ్మకు మోకాళ్ల నొప్పులని, ఎంతో కూడబెట్టి బిజినెస్ క్లాస్ టికెట్ కొన్నాను. తెల్లవారుజామున మూడున్నరకు ఫ్లైట్. కాసేపు కాళ్లు చాపుకుంటుందని, ఆ టికెట్‌తో వెళ్లగలిగే ఎయిర్‌పోర్ట్ విశ్రాంతి గదికి, అదే లాంజ్‌కి తీసుకెళ్తే, తలుపు బయటే ఇరవై నిమిషాల క్యూ. క్రెడిట్ కార్డు గీకి రెండు రూపాయలతో వచ్చేవాళ్లదీ మాదీ ఒకటే లైను. వాళ్లను తప్పుపట్టను, కార్డుతో వచ్చిన హక్కే అది. కుర్చీలెన్ని ఉన్నాయో తెలిసీ అందరినీ లోపలికి పంపేవాళ్ల మీదే నా కోపం.

ఇడ్లీ గిన్నె మూత తీస్తే అడుగున నీళ్లు, చెదిరిపోయిన రెండు ముక్కలు. "ఇప్పుడే వస్తాయి సార్" అన్నారు. బోర్డింగ్ టైమ్ అయింది గానీ ఇడ్లీ రాలేదు. అమ్మ గోడకు ఆనుకుని, ప్లేటు చేత్తో పట్టుకుని చల్లారిన ఉప్మా తింది. "పర్లేదులేరా" అంది. నాకు మాత్రం కడుపు మండిపోయింది.