బాబాయ్ స్టాల్లో జిల్లా పంపకాలు

మొన్న సంక్రాంతికి మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి జిల్లా స్టాల్ వాళ్ళు పెట్టాలన్నారండి. హైదరాబాద్‌లో ఎన్నేళ్ళున్నా రాజమండ్రి నీళ్ళే నీళ్ళు అనే మా బాబాయ్‌కి ఇంకేం కావాలి, ఒకటే ఫోన్లు, బస్సు పార్సిళ్ళు. "మా తూర్పుగోదావరి" అని కాటన్ దొర బొమ్మతో ఫ్లెక్సీ, టేబుల్ మీద కాకినాడ గొట్టం కాజా, ఆత్రేయపురం పూతరేకులు, ఉప్పాడ జాందానీ చీర (పిన్నిది, మరకైతే ఇంటికి రావద్దని చెప్పి మరీ ఇచ్చింది), కడియం మందార మొక్కలు, బకెట్ ఐసులో రోజ్ మిల్క్.

బాబాయ్ ఓ పూతరేకు విప్పి వెలుతురుకి పట్టుకుని, కుండ బోర్లించి కింద మంటెట్టి, బియ్యప్పిండి జారులో ముంచిన గుడ్డ అలా లాగితే ఇలా రేకు వచ్చేస్తుందండి, 2023లో ఇది ఆ ఊరి సరుకేనని జీఐ గుర్తింపు కూడా వచ్చిందండి అని ఊదరగొడుతుంటే బి బ్లాక్ అమలాపురం ఆయనొచ్చి తాపీగా "ఆత్రేయపురం మా కోనసీమ జిల్లా కదండీ" అన్నాడు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రాలో 13 జిల్లాలు 26 అయిన సంగతి బాబాయ్‌కి తెలీక కాదు, ఆయన ఒప్పుకోలేదంతే. ఈలోగా కాకినాడ కుర్రాడు దూరిపోయి "అలాగైతే కాజా మాదండోయ్, ఆ చీర కూడా" అంటూ డబ్బా లాక్కున్నాడు. "ఉప్పాడ ఏ జిల్లాలో ఉంటే నాకేంటి, చీర నాది" అని పిన్ని వచ్చి మడతెట్టుకుని పోయింది. మిగిలింది మొక్కలూ, రోజ్ మిల్కూ.

పోనీ జిల్లాలోకి కొత్తగా వచ్చినవాళ్ళైనా ఉన్నారు కదా అని బాబాయ్ పశ్చిమగోదావరి స్టాల్‌కెళ్ళి కొవ్వూరు ఆంటీని పిలిచాడు. "కొవ్వూరు, నిడదవోలు ఇప్పుడు మావేనండి, వంతెన దాటి ఇటొచ్చేయండి."

"రికార్డుల్లో రాసుకోండి, నేను రాను. రోజ్ మిల్క్ ఉంటే ఓ గ్లాసు ఇటు పంపండి."

ఎవరు తిప్పారో పెడస్టల్ ఫ్యాన్ ఇటు తిరిగింది, బాబాయ్ విప్పి వదిలేసిన రేకు నెయ్యితో సహా లేచెళ్ళి కాటన్ దొర ముక్కు మీద అంటుకుంది.

ఇదంతా చూస్తూ సకినాలు నములుతున్న కరీంనగర్ ఆంటీ "మాకు 2016లనే గీ పంపకాలన్నీ అయినయ్ అన్నా, ఒక్క జిల్లా నాలుగు ముక్కలైంది, సకినాలు మాత్రం ఎవ్వలకిడ్వలే" అంటూ మాట్లాడుతూ మాట్లాడుతూనే చివరి పూతరేకు లాగించేసింది.