మామగారి తరఫున ఒక విన్నపం

2021 జనవరి 15న, అంటే సరిగ్గా కనుమ నాడు, మన ఇళ్ళలో ఆడవాళ్ళు గారెలకు మినప్పప్పు రుబ్బుతున్న వేళ, జియో బేబీ అనే మలయాళ దర్శకుడు ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ అనే సినిమా విడుదల చేశాడు. కొత్తగా కాపురానికొచ్చిన కోడలు అత్తవారి వంటింట్లో నలిగిపోయే కథ అది. అప్పటినుంచి లోకమంతా కోడలి పక్షమే. మామగారి తరఫున నోరు విప్పినవారు నాకు కనబడలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

అసలు ఆయన చేసిన నేరమేమిటి? గొంతు పెంచాడా? చెయ్యెత్తాడా? కుక్కరు అన్నం కన్నా కట్టెల పొయ్యి మీది అన్నం బాగుంటుందన్నాడు. పచ్చడి మిక్సీలో వేయకుండా రాతి మీద నూరితే రుచి అన్నాడు. వాషింగ్ మెషీన్‌లో బట్టలు పాడవుతాయన్నాడు. ఇదంతా సంప్రదాయ పరిరక్షణ. అందులో తన వంతు ఆయన ఏనాడూ ఎగ్గొట్టలేదు, వేళకు కూర్చుని తిన్నాడు.

పొద్దున్నే బ్రష్షు మీద పేస్టు వేసి అత్తగారు చేతికి అందిస్తుందని కొందరికి కోపం. తోముకున్నది మాత్రం ఆయనే కదా!

కోడలు నాట్యం నేర్పే ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే ఎంత మర్యాదగా కాదన్నాడో చూడండి. తన భార్య పీజీ చదివి కూడా ఇంటిపట్టునే ఉందట. మంత్రులూ అధికారులూ చేసే పనికన్నా ఇల్లాలి పని గొప్పదట. అంత గొప్ప పదవిని ఆయన తన కోసం ఒక్కరోజైనా ఆశించలేదు. త్యాగమంటే అది.

కొడుకూ తక్కువవాడు కాదు. ఆడపిల్లల బడిలో పాఠాలు చెబుతాడు, అందులో కుటుంబ వ్యవస్థ గురించి కూడా. ఇంట్లో మునగకాడ నమిలిన పిప్పి బల్ల మీదే వదులుతాడు. హోటల్లో మాత్రం ఒద్దికగా తింటాడు. ఆ తేడా నవ్వుతూ ఎత్తిచూపినందుకు భార్యే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఎంగిలి బల్ల తుడిచే మనిషికి పరిశీలన ఎందుకు?

ఇక సింకు కింద కారే గొట్టం. ప్లంబరును పిలవమని ఆమె చెబుతూనే ఉంటుంది, అతడు మరిచిపోతూనే ఉంటాడు. అప్పుడే శబరిమల తీర్పు వచ్చింది, 2018 సెప్టెంబరులో, అన్ని వయసుల ఆడవాళ్ళూ ఆ గుడిలోకి వెళ్ళవచ్చని. కొండ మీది పవిత్రతకు కాపలా కాయవలసిన మనిషికి సింకు కింది మురుగు గుర్తుంటుందా?

చివరికి మాల వేసుకున్న తండ్రీకొడుకులకు కోడలు ఆ మురుగునీళ్ళే టీ గ్లాసుల్లో పోసి పంపింది. ఇదేమిటని వంటింట్లోకి వచ్చినవాళ్ళ మీద బకెట్టెడు కుమ్మరించి వెళ్ళిపోయింది. ప్లంబరు కూలితో పోయేదానికి కాపురం ఖర్చయింది. అన్నట్టు, ఈ పాత్రలకు పేర్లే లేవు. ఎవరి ఇంటిపేరు వారు తగిలించుకోవచ్చు.

సినిమా అయ్యాక అలవాటుగా టీ అడగబోయి ఆగిపోయాను. మా ఆవిడ ఇంకా తెర వైపే చూస్తోంది. ఎందుకొచ్చిన గొడవని నేనే పెట్టుకున్నాను. పాతికేళ్ళ కాపురంలో పంచదార డబ్బా ఏ అరలో ఉంటుందో మాత్రం హాల్లోకి వినబడేలా అడగవలసి వచ్చింది.