15 బార్ల ఎస్ప్రెస్సో మిషన్ గారికి

మహారాజశ్రీ ఎస్ప్రెస్సో మిషన్ గారి సముఖానికి, రోజూ మిమ్మల్ని తుడిచిపెట్టే మనిషి నల్లగొండ నుంచి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టలేను. ఈ మధ్యాహ్నం మీరూ కుశలంగా లేరు, మీ వల్ల మేమూ లేము. మిర్యాలగూడ నుంచి మా ఆడబిడ్డ వాళ్లు వచ్చారు. చేసిన కూరల సంగతి వదిలేసి మా ఆయన అన్నం తింటున్నంతసేపూ మీరు తీసే కాఫీ గురించే చెప్పాడు, నురగ అట్లుంటది, వాసన ఇట్లుంటది అని. రెండు కప్పులు మర్యాదగానే ఇచ్చారు. మూడో కప్పు సగంలో ఉండగా మీ గొంతు మారింది. అప్పటిదాకా బొంగురుగా గొణుగుతున్న వారు కాస్తా కటకటమని అరవడం మొదలుపెట్టారు, రెండు చుక్కలు, కొంచెం ఆవిరి, అంతే. ట్యాంకు ఖాళీ. సరే, అయిపోతే పోస్తాం కదా, అంచు దాకా పోశాం. అయినా చుక్క లేదు. మూడు లైట్లూ కలిసి మిణుకుమన్నాయి. ఒక్కో లైటు విడిగా వెలిగితే ఏమిటో మీ పుస్తకంలో బొమ్మలు వేసి మరీ చెప్పారు కానీ, మూడూ ఒకేసారి కొట్టుకుంటే ఏం చేయాలో ఏ భాషలోనూ రాయలేదు.

"ఏం చెల్లే, మిషన్ల కాఫీ ఇంతేనా?" అని అన్నయ్య ఆ సగం కప్పు ఎత్తి అందరికీ చూపించాడు. ఆడబిడ్డ నవ్వలేదు. అది ఇంకా ఘోరం.

నీళ్లు చూసుకోవద్దా అని మా ఆయన మీ తరఫున వాదించాడు. ఎట్లా చూడాలండీ? ట్యాంకు మీ వీపు వెనక. అది కూడా నల్ల ప్లాస్టిక్. దానికి ఆనుకుని గోడ. లోపల ఎంతుందో తెలియాలంటే ఇంత బరువున్న మిమ్మల్ని రెండు చేతులా ముందుకు జరపాలి, జరిపితే ప్లగ్గు ఊడుతుంది, ఎందుకంటే మీకిచ్చిన వైరు మూరెడు. ఇన్ని తెలివితేటలతో తయారు చేసినవాళ్లకు ట్యాంకు ముందు పెట్టాలని తోచలేదు.

అసలు నాకు మింగుడుపడనిది ఇదీ కాదు. మీ నుదుటి మీద మెరిసే అక్షరాలతో 15 బార్ అని ఉంది. పిల్లలకు ఫిజిక్స్ చెప్పి బతికేదాన్ని, లెక్క వేయకుండా ఉండలేకపోయాను. బార్ అంటే ఒత్తిడికి కొలత. ఒక బార్ ఒత్తిడి నీళ్లను దాదాపు 10 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తుంది. 15 బార్లంటే 150 మీటర్లు. నాగార్జునసాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు. అంటే కాగితం మీద లెక్క ప్రకారం మిమ్మల్ని తీసుకెళ్లి డ్యామ్ అడుగున కూర్చోబెడితే నీళ్లను కట్ట దాటించి అవతల పోయగలరు (ధార సన్నగా ఉంటుందేమో, ఎక్కడం మాత్రం ఎక్కాలి). అడుగుల్లో చెప్తే దగ్గర దగ్గర 500 అడుగుల బోరు. అంత శక్తి ఉన్న తమరు, తమ వీపుకే తగిలించుకున్న ట్యాంకులోంచి జానెడు ప్లాస్టిక్ పైపు దాటించి నీళ్లు తెచ్చుకోలేకపోయారు. జానెడు! పైగా కాఫీ దిగడానికి 9 బార్లు చాలని కాఫీ పిచ్చి ఉన్నవాళ్లంతా చెప్తున్నారు. మిగతా 6 దేనికి మరి, డబ్బా మీద అచ్చు వేయించుకోవడానికా?

ఆంజెలో మొరియోండో అనే ఆయన ట్యూరిన్‌లో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నది 1884లో. మీ వంశానికి 140 ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లలో "నీళ్లు అయిపోయినయ్" అని ఒక్క ముక్క చెప్పడం నేర్చుకోలేదా అంటే, నేర్చుకున్నారట, మీకంటే ఖరీదైన మీ అన్నదమ్ములు. మా స్తోమతకు మూగ మిషనే వచ్చింది.

కస్టమర్ కేర్ గురించి ఎక్కువ చెప్పను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అయ్యాక ఒకమ్మాయి దొరికి, ఆఫ్ చేసి ఆన్ చేయండి మేడమ్ అంది. చేశాం. మీ పిన్‌కోడ్‌కు సర్వీస్ లేదు మేడమ్, హైదరాబాద్ తెచ్చివ్వండి అంది. పుస్తకం తిరగేస్తే అక్కడ ఇంకో నీతి పాఠం, గట్టి నీళ్లు (కఠిన జలం) పోయొద్దు, లోపల సున్నం పేరుకుంటుంది అని. ఎవరికయ్యా చెప్తున్నావు? పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని పుస్తకాల్లో నల్లగొండ టెక్నిక్ అనే రాస్తారు. ఏ నీళ్లు తాగాలో, ఏవి తాగకూడదో ఒళ్లు గుల్ల చేసుకుని నేర్చుకున్న జిల్లా ఇది. నువ్వొచ్చి మాకు నీళ్ల గురించి చెప్తావా?

అయిపోయింది, ఇక గారూ లేదు, మీరూ లేదు.

నీ రోగం పట్టుకున్నది కస్టమర్ కేర్ కాదు, హాల్లో మంచం మీద పడుకున్న మా అత్తమ్మ. ఆమెది చండూరు దిక్కు. 2018 జనవరి నుంచి పొలాలకు 24 గంటల కరెంటు వచ్చింది కానీ, అంతకుముందు ఆమె వయసంతా అర్ధరాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకుని మోటరు దగ్గరికి పోవడంలోనే గడిచింది. నీ మొహం కూడా చూడలేదు, చప్పుడు విని అక్కడి నుంచే అరిచింది. "దానికి గాలి వట్టింది బిడ్డా. బంద్ జెయ్యి, కాలిపోతది!"

గాలే పట్టింది. నీ లోపల ఉన్నది ఒక చిన్న పిస్టన్, దాని చుట్టూ కాయిల్. మన 50 సైకిళ్ల కరెంటుకు అది సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. నీళ్లుంటే తోస్తుంది. గాలి చేరితే ఆ గాలి నొక్కితే నలుగుతుంది, వదిలితే ఉబ్బుతుంది, పిస్టన్ దాంతోనే ఆడుకుంటూ ఉంటుంది తప్ప ముందరి వాల్వు తెరుచుకోదు. కాయిల్‌ను చల్లగా ఉంచేది కూడా లోపలికి పోయే నీళ్లే, కాబట్టి ఉత్తగా ఎంతసేపు అరిస్తే అంత కాలుతుంది. ఇదంతా నేను తర్వాత చదువుకున్నాను. అత్తమ్మకు చదవాల్సిన పని పడలేదు.

ఆఫ్ చేసి చల్లారే దాకా ఆగాం. కాఫీ పొడి బిగించిన పిడి విప్పేశాం. ట్యాంకు తీసి, అడుగున ఉన్న వాల్వు నొక్కుకునేలా మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాం. ఆవిరి గొట్టం నాబ్ పూర్తిగా తిప్పి, కొంచెంసేపు నడుపుతూ, ఆపుతూ చూశాం. దగ్గులు తప్ప ఏమీ రాలేదు. అత్తమ్మ కర్ర పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "ముంగట నీళ్లు పొయ్యకుంట యాడికెల్లి గుంజుతదే?" అంది. పిల్లలకు మందు పోసే సిరంజి, సూది లేనిది, తెచ్చి నింపి, ట్యాంకు కూర్చునే చోట ఉన్న రంధ్రానికి మూతి ఆనించి నీళ్లు మెల్లగా లోపలికి తోశాను. మళ్లీ ట్యాంకు పెట్టి మీట నొక్కితే మొదట తుపుక్కుమని గాలి, తర్వాత గోధుమ రంగు నీళ్లు నాలుగు చుక్కలు, మళ్లీ గాలి. అప్పుడు ఆ కటకట ఉన్నట్టుండి బొంగురుపోయింది, దాంతోపాటే గొట్టంలోంచి ధార దిగింది. అత్తమ్మ "ఆఁ" అని వెనక్కి తిరిగి పోయి పడుకుంది.

అంటే నువ్వు పొలం మోటరువే కదా! అంతకంటే ఒక్క పిసరు ఎక్కువ కాదు. కాదు, తక్కువే. పొలం దగ్గర కర్రకు వేలాడే స్టార్టరు డబ్బాలో కూడా డ్రై రన్ కట్ పెట్టుకుంటున్నారు, బోరులో నీళ్లు అడుగంటితే మోటరు దానంతటదే ఆగిపోతుంది. ఎండకు ఎండి వానకు తడిసే డబ్బాకున్న బుద్ధి, ఏసీ షోరూంలో పుట్టి థర్మకోల్‌లో పడుకుని వచ్చిన నీకు లేదు. నీలి లైటు ఉంది. కప్పులు వేడి చేసుకునే పళ్లెం ఉంది. బటన్ నొక్కితే టుంగుమని సంగీతం కూడా ఉంది. ఆ టుంగు ఏదో ట్యాంకు అయిపోయినప్పుడు అని ఏడిస్తే మా పరువు మిగిలేది కదరా!

నువ్వు కుదుటపడేసరికి అన్నయ్య వాళ్లు క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగి పోతామని చెప్పి ఎప్పుడో బయల్దేరారు. మా ఆయన వాళ్లను బస్సెక్కించడానికి పోయాడు. ఖాళీ ఇంట్లో ఒక కప్పు తీసుకుని నేనొక్కదాన్నే తాగాను. బాగుంది, నీ మొహం మండ.

ఇట్లు,
నీ ట్యాంకు నింపే మనిషి

తా.క. వారంటీ కార్డు ఇప్పుడే దొరికింది. నీళ్లు లేకుండా నడిపితే వారంటీ వర్తించదు అని మూడో పేజీలో ఉంది. నీళ్లు లేవని చెప్పడం ఎవరి పనో వెతుకుతున్నాను, నాలుగో పేజీ జర్మన్‌లో ఉంది.