ఖాళీ పెట్టె, నిండు లాప్‌టాప్

"అన్నా, ఎంపీసీ కొనమంటావా, ఎఫ్‌ఎల్‌తోనే నెట్టుకు రమ్మంటావా?"

నెల్లూరులో ర్యాప్ రాసుకునే కుర్రాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాక మానదు. ఎంపీసీ అంటే ప్యాడ్లు కొట్టి బీట్ కట్టే మిషన్, ఎఫ్‌ఎల్ అంటే అదే పని లాప్‌టాప్‌లో చేసే ఎఫ్‌ఎల్ స్టూడియో సాఫ్ట్‌వేర్. చేతిలో ఉన్నదేమో ఇంజినీరింగ్ చదువుకని ఇంట్లో కొనిచ్చిన లాప్‌టాప్. యూట్యూబ్‌లో చూసేదేమో పదహారు రబ్బరు ప్యాడ్ల మీద ఎవరివో వేళ్లు ఆడటం. ఆ మిషన్ ఇంటికొస్తే గానీ తమ బీట్‌కు ప్రాణం రాదని వీళ్ల బెంగ. ఆ బెంగ నేనూ పడ్డాను, డబ్బులూ పోగొట్టుకున్నాను. తర్వాత అర్థమైంది, శబ్దం ముక్కల్ని ఎక్కించుకుని ప్యాడ్ కొడితే మోగించే ఆ పాత శాంప్లర్ల గొప్పదనమంతా అవి దాదాపు ఖాళీగా రావడంలోనే ఉందని.

1987లో ఈము కంపెనీ ఎస్‌పీ-1200 తెచ్చింది. అందులో పట్టేది మొత్తం పది సెకన్ల శబ్దం. ఒక్కో ముక్క రెండున్నర సెకన్లు దాటకూడదు. సీడీలో 16 బిట్లు, సెకనుకు 44,100 శాంపిళ్లు ఉంటే, ఇందులో 12 బిట్లు, 26 వేల పైచిలుకు. అంటే నాణ్యత తక్కువన్నమాట. న్యూయార్క్ బీట్‌మేకర్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. 33 స్పీడు రికార్డును 45 మీద తిప్పి గబగబా ఎక్కించుకోవడం, లోపలికి వెళ్లాక మళ్లీ నెమ్మది చేసుకోవడం. పది సెకన్ల సంగీతం ఏడున్నర సెకన్లలోపే ఇమిడేది. అలా సాగదీసినప్పుడు శబ్దానికి ఒక గరుకుదనం అంటుకునేది. చోటు చాలక పుట్టిన ఆ గరుకుదనాన్నే ఇవాళ మనం ప్లగిన్, అంటే సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, పేరుతో డబ్బులిచ్చి కొంటున్నాం. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను షోరూంలో వేలు పోసి కొన్నట్టుంది వ్యవహారం.

ఇక ఎంపీసీ మాయ సంగతి. 1988లో అకాయ్ కంపెనీ కోసం రోజర్ లిన్ రూపొందించిన ఎంపీసీ60తో ఈ వరస మొదలైంది. "దాని స్వింగే వేరు" అని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పేవాళ్లున్నారు. ఆ స్వింగ్ వెనక లెక్క చాలా చిన్నది. పదహారు అడుగుల బీట్‌లో రెండోది, నాలుగోది, ఆరోది, ఇలా సరి అడుగుల్ని కాస్త ఆలస్యంగా వేయడమే. రెండేసి అడుగుల జంటలో మొదటిదాని వాటా 50 శాతం అంటే తిన్నటి నడక. 66 దగ్గరికొస్తే మన తిస్రంలోకి జారుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, ఎంపీసీ60 ఒక్కో తాళం దెబ్బ వ్యవధిని 96 భాగాలుగా కోస్తుంది. ఎఫ్‌ఎల్ స్టూడియో సెట్టింగుల్లో ముందే పెట్టి ఉండే అంకె కూడా 96. రెండింటి లెక్కా ఒకటే, తేడా వేలిలో ఉంది. డెట్రాయిట్‌కు చెందిన బీట్‌మేకర్ జె డిల్లా తన ఎంపీసీ3000లో, దెబ్బల్ని మిషనే లెక్కకు సర్దే క్వాంటైజ్‌ను పక్కనపెట్టి డ్రమ్స్ చేత్తో వాయించేవాడు. ఆయన మిషన్ ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

సాఫ్ట్‌వేర్‌తో 'అసలైన' హిప్‌హాప్ వస్తుందా అన్న తగువు అమెరికాలో ఇరవై ఏళ్ల కిందటే తీరిపోయింది. బెల్జియం కంపెనీ ఇమేజ్-లైన్ 1997లో విడుదల చేసిన ఫ్రూటీలూప్స్‌ను చాలామంది పిల్లల ఆటవస్తువన్నారు. బీట్‌మేకర్ నైన్త్ వండర్ దాంతోనే చేసిన బీట్ 2003లో పేరున్న ర్యాపర్ జే-జీ ఆల్బమ్‌లోకి ఎక్కింది. ఫ్రూటీలూప్స్ పేరు ఎఫ్‌ఎల్ స్టూడియోగా మారిందీ ఆ ఏడాదే.

మరి మన కుర్రాళ్ల బీట్లు ఎందుకు ఒకే అచ్చులో వస్తున్నాయి? మొన్న ఒక తమ్ముడి పక్కన కూర్చుని చూశాను. టెలిగ్రామ్‌లో దొరికిన డ్రమ్ కిట్లు నాలుగైదు జీబీలు. కిక్, అంటే లావు దెబ్బ, ఒకటి ఎంచుకోవడానికే గంట పైన పట్టింది. వింటాడు, నచ్చదు, కిందికి జరుపుతాడు, మళ్లీ మొదటిదానికే వస్తాడు. చివరికి పెట్టింది అందరూ పెట్టే 808. అది 1980 నుంచి 1983 వరకే తయారైన ఒక రోలాండ్ కంపెనీ డ్రమ్ డబ్బా చప్పుడు. వాడి సొంత ఊరి చప్పుడు ఒక్కటీ ఆ ఫోల్డర్‌లో లేదు. నిండు పెట్టెతో ఇదే చిక్కు, బయటికెళ్లి ఏదైనా తెచ్చుకోవాలన్న ఆకలే పుట్టదు.

ఎఫ్‌ఎల్ ట్రయల్‌లో ఒక చిత్రం ఉంది. పాట పూర్తిచేసి ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, ప్రాజెక్టు సేవ్ కూడా చేసుకోవచ్చు, కొనేదాకా దాన్ని మళ్లీ తెరవడం మాత్రం కుదరదు. దీని మీద కుర్రాళ్లకు చెడ్డ కోపం, అందుకే క్రాక్ వెర్షన్ల వెంట పడి వైరస్‌లు తెచ్చుకుంటారు. నన్నడిగితే మొదటి ఆరు నెలలకు ఆ ట్రయలే మేలు. కూర్చున్న కూర్చునే బీట్ ముగించి లేవాలి. పది సెకన్ల పెట్టె నేర్పిన క్రమశిక్షణ పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది.

బయటికెళ్లి చప్పుడు తెచ్చుకోవడం అంటే ఏమిటో చెప్తాను. కోవూరు దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి తిరునాళ్లకు ఆ తమ్ముడూ నేనూ ఫోన్ పట్టుకుని వెళ్లాం. తప్పెటల వాళ్లు ముందు ఎండుగడ్డి మంట వేసి తోలుకు సెగ చూపిస్తున్నారు. వేలితో కొట్టి చూడటం, చాలదని మళ్లీ సెగకు పట్టడం. దగ్గర్నుంచి తీస్తే ఫోన్ మైకులో శబ్దం చితికిపోయింది. పది పదిహేను అడుగులు వెనక్కి వెళ్తే గానీ దెబ్బ శుభ్రంగా పడలేదు. ఊరేగింపు కదిలినప్పుడు కొంత, అర గంట తర్వాత గుడి దగ్గర కొంత రికార్డు చేశాం.

ఇంటికొచ్చి ఎఫ్‌ఎల్‌లో పక్కపక్కన పెడితే అవే తప్పెటలు, శ్రుతి కలవడం లేదు. మంచుకు తోలు చల్లబడి వదులైంది, శబ్దం దిగింది. టెంపో కూడా మొదట్లో నిమిషానికి 110 దెబ్బలు ఉన్నది గుడి దగ్గర 124కు పోయింది. తమ్ముడు వెంటనే అన్నిటినీ గ్రిడ్‌కు, అంటే స్క్రీన్ మీది లెక్క గీతలకు, లాగేసి, పిచ్ సరిచేసి పెట్టాడు. వింటే ప్లాస్టిక్ బకెట్ కొట్టినట్టుంది. అన్నీ వెనక్కి తీసి, వేడి దెబ్బను స్నేర్‌గా, అంటే పదును దెబ్బగా, చల్లబడిన దెబ్బను కిక్‌గా వాడి, గ్రిడ్‌కు కాస్త వెనకగా వదిలేశాం. అప్పుడు నడక వచ్చింది.

ఇలాంటి సరుకు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కావలసినంత ఉంది. రైస్‌మిల్లులో బెల్టు కొట్టుకునే లయ, చీమకుర్తిలో గ్రానైట్ కోసే రంపం కూత. తాళాల్లా మోగే హై-హ్యాట్ కోసం అమెరికాలోని అట్లాంటా కిట్ దాకా పోనక్కర్లేదు.

హార్డ్‌వేర్‌ను పూర్తిగా కొట్టిపారేయను. స్టేజీ మీద లాప్‌టాప్ వెనక తల దించుకుని నిలబడేవాడి కన్నా ప్యాడ్లు కొట్టేవాణ్ణి జనం చూస్తారు. రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2 లాంటి శాంప్లర్ ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, కరెంటు పోయినా బీట్ ఆగదు. స్క్రీన్ మీద బొమ్మ చూస్తూ కోయడం మానేసి చెవితో కోయడం అలవాటవుతుంది. అయితే రిపేరు మాటేమిటి? నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత శాంప్లర్‌లో ఒక ప్యాడ్ ఒకసారి కొడితే రెండుసార్లు మోగేది. నెల్లూరులో చూసేవాళ్లు లేరు. చెన్నై పట్టుకెళ్తే ఒక షాపువాళ్లు మూడు నెలలు ఉంచుకుని అలాగే తిరిగిచ్చారు. ఆ డబ్బుతో మైకును లాప్‌టాప్‌కు కలిపే చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్స్, ఎఫ్‌ఎల్ లైసెన్సు వచ్చేవి. లైసెన్సు ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం.

పాత సినిమా పాటల ముక్కలు కోయడం మీద కూడా ఒక మాట. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్ల రక్షణ ఉంది. స్వరకర్త హక్కు ఆయన జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. నేర్చుకునే రోజుల్లో ఇంట్లో ఎన్నయినా కోసుకోవచ్చు గానీ రిలీజుకు పెట్టుకుంటే చిక్కే. 1991లో న్యూయార్క్ కోర్టు, అనుమతి లేకుండా పాత పాట ముక్క వాడిన ర్యాపర్ బిజ్ మార్కీ మీద ఇచ్చిన తీర్పుతో అక్కడివాళ్లకు ఆ సంగతి తలకెక్కింది. తప్పెటకు ఆ గొడవ లేదని వాయించినవాళ్లను వదిలేయడం కూడా తప్పే. మేం అడిగే రికార్డు చేశాం, డబ్బులిచ్చాం, బీట్ తయారయ్యాక తీసుకెళ్లి వినిపించాం.

ఆ తప్పెటల పెద్దాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. "బాగుండాది సార్. ఈ లావు దెబ్బ మటుకు సెగ తగ్గినాక కొట్టింది గదా, దీన్నెందుకు పెట్టినారు? చెప్పుంటే మళ్లా కాంచి కొట్టేవాణ్ణి గదా" అన్నాడు. కావాలనే పెట్టామంటే నమ్మలేదు.