చీటీ కాదు, బిల్లు అడగాలి

విజయవాడ వన్‌టౌన్‌లో చీరల మూట కట్టేముందు హోల్‌సేల్ కొట్టు గుమస్తా అడిగే మాట ఒకటుంది: ‘‘బిల్లు కావాలా, వద్దా?’’ వద్దంటే జీఎస్టీ ఉండదు. తెల్లకాగితం ముక్క మీద నాలుగంకెలు వేసి ఇస్తారు. నూటికి ఐదు రూపాయలు మిగిలాయన్న సంతోషంతో మూట ఆటో ఎక్కుతుంది. రాత్రికల్లా ఆ చీరల ఫొటోలు ఇంట్లో నుంచి అమ్ముకునేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఉంటాయి.

ఆ మిగిలింది మిగులు కాదు. అమ్మకం ఇప్పుడు దాగేది కాదు. కొన్నవాళ్లు పంపే డబ్బు బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. షాపింగ్ యాప్ ద్వారా అమ్మితే ఆ సంస్థ మొత్తం అమ్మకం మీద 0.1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టి పాన్ నంబరు మీద చూపుతుంది (పాన్ ఇచ్చి, ఏడాదికి 5 లక్షలు దాటకుండా అమ్మే వ్యక్తులకు ఇది లేదు). పన్ను శాఖకు అలా తెలిసేది అమ్మిన ధరే. 1,500కి అమ్మిన చీరను 1,300కి కొన్నామని చెప్పాల్సింది బిల్లు. 65 రూపాయల జీఎస్టీ ఆదా చేయబోయి 1,300 ఖర్చుకు రుజువు లేకుండా చేసుకుంటున్నారు. నిజానికి ఆ 65 కూడా ఎక్కడికీ పోదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేనివారికి అది కొనుగోలు ధరలో భాగమే.

కవర్లు, టేపు, కొరియర్, ప్రకటనల ఖర్చులు లాభంలోంచి తీసేయొచ్చు. మార్చి 31న బీరువాలో మిగిలిన చీరలు మాత్రం ఆ ఏడాది ఖర్చు కిందికి రావు, నిల్వ సరుకు అవుతాయి. కంప్యూటర్ ధరను ఒకేసారి ఖర్చుగా రాయకూడదు. మిగిలిన విలువ మీద ఏటా 40 శాతం చొప్పున తరుగుదల చూపాలి, కొన్న ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏటికి అందులో సగమే. పిల్లలు గేములాడే ఫోను మొత్తాన్నీ వ్యాపారం ఖాతాలో రాస్తే ఒప్పుకోరు. ఒకరికి ఒకేరోజు 10 వేలకు మించి నగదు ఇచ్చినా ఆ ఖర్చు చెల్లదు. వన్‌టౌన్ బేరాలు నోట్లకట్టల మీదే నడుస్తాయి కాబట్టి ఇది చాలామందికి తగిలే దెబ్బ.

ఈ లెక్కలన్నీ మావల్ల కాదనేవారికి అంచనా పద్ధతి ఉంది. డిజిటల్ వసూళ్లలో 6 శాతం, నగదులో 8 శాతం లాభంగా చూపితే చాలు, ఖర్చులు విడిగా అడగకూడదు. చాలామందికి ఇదే సుఖం. కానీ కమీషన్ ఆదాయానికి ఇది వర్తించదు. సరుకు ముట్టుకోకుండా ఫొటోలు పంపి, చీరకింత అని తీసుకునే గుంటూరు, మంగళగిరి గృహిణులకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ‘12 లక్షల దాకా పన్ను లేదుగా’ అనే ధీమా కూడా అందరికీ పనికిరాదు. ఉద్యోగం చేస్తూ అమ్మేవారికి జీతం, వ్యాపార లాభం కలిపి లెక్కిస్తారు.

1961 నాటి చట్టం పోయి 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ నాలుగు విషయాలూ ఒక పేజీలో, తెలుగులో, ఇంట్లో అమ్ముకునే మనిషికి అర్థమయ్యేలా అచ్చువేసి పంచడం పన్ను శాఖకు పెద్ద పనేమీ కాదు. వర్తక సంఘాలు కూడా శ్రావణమాసం సరుకు దిగేలోపే ‘వద్దంటే తగ్గిస్తాం’ అనే బేరం ఆపించాలి. గుమస్తా రేటు చెప్పేటప్పుడే బిల్లుతో కలిపి చెప్పాలి.